మొక్కుకున్న తెల్లపెట్ట

క్రిస్మసుకి చర్చిలో తోరణాలు కట్టగా మిగిలిన ఎర్ర రంగు కాగితాల చుట్ట ఒకటి ప్రేమమ్మ ఇంటి చూరులో ఉండిపోయింది. ఆ కాగితం తడిపితే రంగు దిగుతుందని పల్లెలో ఆడపిల్లలందరికీ తెలుసు. పండగపూట పెదాలకి అద్దుకునేది అదే. ప్రేమమ్మ దాన్ని చెంబెడు నీళ్ళలో నానేసి, దిగిన రంగుని తన తెల్లపెట్టకి మెడమీదా తోకమీదా పూసింది. అంతటితో ఊరుకుందా? ఇది దేవుడికి మొక్కుకున్న కోడి, ఎవరూ చెయ్యి వెయ్యొద్దని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుంది.

చెయ్యి వేసేవాళ్ళు లేకపోలేదు. సైకిలుకి గంపలు కట్టుకుని కోళ్ళు కొనడానికి వచ్చే గౌస్ బాషాకి ఆ పెట్ట మీద ఏడాదిగా కన్ను. పల్లెలో తెల్లకోళ్ళు ఇంటింటికీ ఉన్నాయి, ఒకరిది ఒకరు పట్టుకుని కోసుకున్న గొడవలూ ఉన్నాయి. వచ్చే ఆదివారమే కోతపండగ. ఆ రోజు ప్రతి ఇల్లూ ఆ ఏడు చేతికొచ్చినదాంట్లో మొదటిది, ధాన్యమో మిరపకాయలో గుమ్మడికాయో కోడో, చర్చిలో బల్ల ముందు పెడుతుంది. ఆరాధన అయ్యాక వాటిని బయట వేలం వేస్తారు. అందాకా పెట్ట పదిలంగా ఉండాలి. అందుకని రంగు పూసి, వారంపాటు విడిగా గంప కింద మూసి, జొన్నలు మేపింది. మంచి ఉపాయమే అనుకుంది. చూసినవాళ్ళూ అలాగే అన్నారు.

ఒక కోడికి ఇంత హడావుడి ఏమిటని మీరు అడగొచ్చు. ప్రేమమ్మ లెక్కలో అది కోడి కాదు, కూతురు జయకుమారి ప్రాణం.

జయకుమారికి ఏడేళ్ళు. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పొత్తిళ్ళలోనే పోయారు. దీపావళి వెళ్ళాక ఈ పిల్లకి జ్వరం తగిలి, టైఫాయిడ్‌లోకి దిగి, గుంటూరు పెద్దాసుపత్రి వరండాలో చాప మీద రోజుల తరబడి పడి ఉంది. ఒక సాయంత్రం కళ్ళు తేలేసింది. పిలిస్తే పలకలేదు. ప్రేమమ్మ ఆ వరండాలోనే మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, దీన్ని నాకుంచు. దీనికి బదులు నా తెల్లపెట్టని కోతపండక్కి నీ బల్లకాడికి తెచ్చుకుంటా. ప్రాణంతో తెచ్చుకుంటా" అని మొక్కుకుంది. పక్క చాపలవాళ్ళంతా విన్నారు. తెల్లారేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడి మంచినీళ్ళడిగింది. డాక్టర్లు ఎక్కించిన సీసాల సంగతి ప్రేమమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ పెట్ట సంగతి ఆమె చెప్పనివాళ్ళు లేరు. పిల్లకి కూడా రోజూ అదే పాట. "నువ్వు బతికింది ఈ పెట్ట చలవేనే. దాని ప్రాణానికీ నీ ప్రాణానికీ ముడి" అనేది. జయకుమారి ఆ మాటని బళ్ళో చెప్పిన పాఠం కన్నా గట్టిగా నమ్మింది.

గురువారం పొద్దున గంప కింద పెట్ట ఒకటే గోల. వారంనుంచి మట్టిలో పొర్లలేదు పాపం, కాసేపు ఎండలో తిరగనిద్దామని ప్రేమమ్మ గంప ఎత్తింది. పెట్ట రెక్కలు దులుపుకుని మిగతా కోళ్ళ దగ్గరికి నడిచింది. ప్రేమమ్మ లోపలికొచ్చి పొయ్యి ఊదుకుంటోంది. ఆమె మొగుడు జక్రయ్య చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో పని చేస్తాడు. అక్కడే ఉండి, ఆదివారం పొద్దున మొదటి బస్సుకి ఇంటికొస్తాడు. వారమంతా ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే.

"అమ్మా, మన పెట్టని పొడుస్తన్నయ్" అని బయటినుంచి జయకుమారి అరిచింది.

ప్రేమమ్మ ఒక్క ఉరుకు ఉరికింది. కోళ్ళన్నీ ఒక కుప్పగా ఉన్నాయి. పుంజు కూడా వాటితోనే ఉంది. ఆ కుప్పలో తెల్లపెట్ట కనపడలేదు, దాని అరుపు మాత్రం వినపడుతోంది. చీపురు విసిరింది. పొయ్యిలోంచి మండే కట్టె లాగి వెంటపడింది. ఒకదాన్ని తోలితే ఇంకోటొచ్చి పొడుస్తోంది. మొన్న మొన్నటిదాకా ఒకే గూట్లో ఒరుసుకుని పడుకున్న కోళ్ళు, అందులో సగం ఆ పెట్ట పొదిగి లేపినవే, దాని నెత్తురు ముక్కులకి అంటించుకుని మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. చివరికి పెట్ట నీళ్ళ గోలెం వెనక సందులో తల దూర్చి, ఒళ్ళంతా బయటికి వదిలేసి, కదలకుండా పడిపోయింది.

ప్రేమమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. తోక మొదట్లో తోలు ఊడి మాంసం కనపడుతోంది. నెత్తిన తురాయి చీలిపోయింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఎక్కడ రంగో ఎక్కడ నెత్తురో తెలియలేదు. పెట్టని గుండెలకి హత్తుకుని "నా బిడ్డ పోయిందిరా దేవుడా, నా బిడ్డ పోయింది" అని ఏడుస్తుంటే, పక్కన నిలబడ్డ జయకుమారి కొంగు పట్టుకుని లాగి, "నేనిక్కడే ఉన్నా గదమ్మా" అంది.

గోల విని పక్క బజారు సైదాబీ వచ్చింది. కోళ్ళ పెంపకంలో ముదిరిన మనిషి. ఆమె పెట్టని ఇటూ అటూ తిప్పి చూసి, "ఈ ఎర్రరంగు ఎవరు పూశారే?" అని అడిగింది.

"నేనే అక్కా. గుర్తుగా ఉంటదని."

"గుర్తుకి కాలికి గుడ్డపీలిక కట్టుకుంటారు గాని ఒంటికి ఎరుపు పూస్తారటే? కోడికి ఎరుపు కనపడితే నెత్తురనుకుంటది. ఒకటి పొడిస్తే అన్నీ పొడుస్తయ్. పైగా వారంబట్టి విడిగా పెడితివి. ఇది తమ కోడేనని అవి మర్చిపోయినయ్."

ప్రేమమ్మ ఎర్రబడ్డ తన వేళ్ళ వంక చూసుకుంది. గౌస్ బాషా చేతికి చిక్కకుండా, ఎవరి కత్తికీ ఎర కాకుండా కాపాడుకుంటున్నాననుకుంది. తీరా చూస్తే ఏ పరాయివాడూ అక్కర్లేకపోయింది. తన చేత్తోనే చేసింది. ఆ రంగు పూసేటప్పుడు పాట పాడుకుంటూ పూసింది కూడా.

"నా మాట విని, ఊపిరుండగానే కోసెయ్. కూరన్నా దక్కుద్ది" అంది సైదాబీ.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ మాట ఇంకోసారి అనొద్దు. ఆదివారం దాకా దీన్ని బతికించుకోవాల. ఎట్టాగో చెప్పు."

సైదాబీ ఆమె మొహంలోకి చూసి ఇక తిట్టలేదు. పక్కన కూచుని తనకు తెలిసిందల్లా చెప్పింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడగాలి. ఆముదంలో పసుపు కలిపి పట్టించాలి. పైన కుండమసి పుయ్యాలి, మిగతా కోళ్ళకి ఎరుపన్నది కనపడకూడదు. చీకట్లో, వెచ్చగా ఉంచాలి. ఈగ వాలనివ్వకూడదు. "పూటపూటకీ గొంతులో చుక్క నీళ్ళు పడాల. ఈగ వాలిందంటే ఇక నీ అదృష్టం అంతే" అని లేచి వెళ్ళింది.

ఇక ప్రేమమ్మకి లోకం ఆ గంపంత అయిపోయింది. పొయ్యి పక్కన గంపలో గోనె పరిచి, మీద జక్రయ్య పాత పంచె పరిచి, అందులో పెట్టని పడుకోబెట్టింది. కడిగింది, పసుపు పట్టించింది, మసి పూసింది. తెల్లపెట్ట కాస్తా నల్లపెట్ట అయింది. గుడ్డపీలికని వత్తిలా చుట్టి నీళ్ళలో ముంచి, ముక్కు విడదీసి, చుక్క చుక్కగా పిండింది. మింగితే ప్రాణం లేచొచ్చేది. మింగకుండా పక్కనుంచి కారిపోతే ప్రాణం పోయేది. మనసులో ఒకటే మాట తిరుగుతోంది. ఇచ్చినవాడికి తీసుకోవడమూ వచ్చు. పెట్టకి బదులు పిల్లనిచ్చాడు. ఆ పెట్టే లేకపోతే ఇక దేన్ని తీసుకుంటాడు? ఆ మాట అక్కడిదాకా వచ్చేసరికి ఆమె చెవులు మూసుకునేది, ఎవరో బయటినుంచి అంటున్నట్టు.

శుక్రవారం పత్తి తీతకి రమ్మని కబురొస్తే ప్రేమమ్మ వెళ్ళలేదు. చేనుగల సుబ్బరావమ్మ తనే వచ్చింది. ఆ ఏడు తెల్లదోమ పడి సగం చేను మాడిపోయింది. పగిలిన కాయలన్నా మంచుకి పాడుకాకముందే ఇంటికి చేర్చుకోవాలని ఆమె ఆత్రం ఆమెది.

"ఏమే ప్రేమా, కోడికి దెబ్బ తగిలిందని పని మానేశావంట. విన్నవాళ్ళు నవ్వుతారే" అంది గుమ్మంలోనే నిలబడి.

"నవ్వనీయండమ్మా. ఇది పోతే నా పిల్ల నాకు దక్కదు."

"ఛీ, అవేం మాటలు." సుబ్బరావమ్మ లోపలికి తొంగి చూసింది. జయకుమారి పొయ్యి దగ్గర మోకాళ్ళు కడుపులో పెట్టుకుని కూచుంది. "పిల్లేందే అట్టా వాడిపోయింది? బడికి పోలేదా?"

"దానికేమమ్మా, నిక్షేపంలా ఉంది. పెట్ట మీద బెంగ పెట్టుకుంది" అంది ప్రేమమ్మ తల ఎత్తకుండా. అప్పుడే పెట్ట గొంతు కదిలింది, నీళ్ళు లోపలికి దిగాయి. ఆ సమయంలో పక్కన ఇల్లు కూలినా ఆమె తల తిప్పేది కాదు. సుబ్బరావమ్మ దీంతో మాట్లాడి లాభం లేదనుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట జయకుమారి అన్నం ముట్టలేదు. కంచంలో మెతుకులు నలిపి నలిపి పెట్ట ముందు పెట్టింది. నా తల్లికి ఎంత జాలిగుండె అని ప్రేమమ్మ మురిసిపోయింది. సాయంత్రం పిల్ల "అమ్మా, చలేస్తంది" అంటే, "పొయ్యి దగ్గరికి జరుగు. ఆ గోనె మాత్రం లాగమాక, పెట్ట కింద వేసింది" అంది. పిల్ల జరిగి, గంపకి వీపు ఆనించి ముడుచుకుంది.

పొద్దు గుంకకముందు ప్రేమమ్మ పిల్లని కాపలా పెట్టి అయ్యగారింటికి పరిగెత్తింది. చర్చి అయ్యగారు మంచివాడు, పెద్దవాడు. అంతా విని, "ప్రేమమ్మా, దేవుడు నీ మనసు చూస్తాడు గాని కోడిని చూస్తాడా? ఇంకో కోడిని తీసుకురా. అదీ వద్దనుకుంటే గుప్పెడు మిరపకాయలు తీసుకురా, చాలు" అన్నాడు.

"నేను తెల్లపెట్ట అన్నానయ్యగారూ. ఆయన విన్నాడు."

ఆయన ఆమె కోసం ప్రార్థన చేసి పంపాడు. దారిపొడుగునా ప్రేమమ్మకి కోపమే వచ్చింది. తేలిగ్గానే చెబుతాడు. ఆయన పిల్లలెవరూ ఆ వరండాలో కళ్ళు తేలెయ్యలేదు గదా అనుకుంది. ఇంటికొచ్చి ముందు గంపలోకి చూసింది. పెట్ట ఊపిరి తీస్తోంది. ఆ పక్కన పిల్ల కూడా పడుకుని ఊపిరి తీస్తోంది, కాస్త గబగబా తీస్తోంది. ప్రేమమ్మ పెట్ట ఊపిరి వింటూ అక్కడే కూలబడింది.

శనివారం పుండులో పురుగులు పడ్డాయి.

ఈగని వాలనివ్వలేదని ప్రమాణం చేసి చెప్పగలదు ప్రేమమ్మ. ఎక్కడ సందు దొరికిందో దొరికింది. తోక మొదట్లో తెల్లగా కదులుతుంటే ముందు నమ్మలేదు. పెట్ట తల వాల్చేసింది. నీళ్ళు పోస్తే గొంతు కదలడం లేదు. ప్రేమమ్మ నెత్తి బాదుకుని, మళ్ళీ తనే లేచి, మెడలో తాడుకున్న పిన్నీసు తీసి ఒక్కొక్క పురుగునే లాగడం మొదలెట్టింది. లాగేకొద్దీ లోపలికి దూరుతున్నాయి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పోస్తే పురుగు బయటికొస్తుందని సైదాబీ దారినపోతూ గోడ అవతలనుంచి చెప్పింది. నూనె ఉంది. చర్చికెళ్ళేవాళ్ళ ఇంట్లో కర్పూరం ఎక్కడిది?

"జయా, పరిగెత్తుకెళ్ళి రోడ్డు మీద యలమందయ్య కొట్లో కర్పూరం తేవే."

పిల్ల గోడ పట్టుకుని లేచింది. "నువ్వు పోరాదమ్మా?"

"నేను పోతే ఈ ఈగలు తోలేదెవరు? ఎవరి కోసమే ఇదంతా? పో, తొందరగా పో."

పిల్ల వెళ్ళింది. కొట్టు ఎంతో దూరం లేదు, కేకేస్తే వినపడేంత. ఎంతకీ రాలేదు. ప్రేమమ్మ ఒక చేత్తో విసనకర్ర ఊపుతూ, ఒక చేత్తో పిన్నీసు పట్టుకుని, కళ్ళు గుమ్మం మీద పెట్టుకుని కూచుంది. పెట్ట రెక్క ఒకసారి కొట్టుకుని ఆగింది. చచ్చిపోయిందేమోనని వంగి చూసింది. మళ్ళీ కొట్టుకుంది. ఎట్టకేలకి జయకుమారి గుమ్మంలోకొచ్చి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది.

"దారిలో ఆటలాడుకుంటన్నావా? ఇక్కడ ప్రాణం పోతంటే నీకు ఆటలు గావాల్సొచ్చిందా?" అని అరిచి ప్రేమమ్మ దాని గుప్పిట్లోంచి పొట్లం లాక్కుంది. పొట్లం చెమటకి తడిసి వెచ్చగా ఉంది. ఎండలో వచ్చింది గదా అనుకుంది. అది చలికాలమనీ, ఆ ఎండలో జనం కావాలని కూచుని కాగుతున్నారనీ ఆమెకి తట్టలేదు. తిట్టాలంటే తిట్టొచ్చు ప్రేమమ్మని. నాకూ తిట్టాలనే ఉంది. కానీ ఆ పిన్నీసు పట్టుకున్న చేతిని ఆ క్షణాన చూసినవాళ్ళెవరూ ఆమెని ఒక్క మాట అనలేరు.

"పెట్ట బతుకుద్దా అమ్మా?" అంది జయకుమారి.

"బతుకుద్ది. బతక్కపోతే ఎట్టా?"

పిల్ల తల ఊపి, వచ్చి తన చోట్లో పడుకుంది. ప్రేమమ్మ కర్పూరం నలిపి నూనెలో కలిపి పుండులో పోసింది. కాసేపటికి పురుగులు బయటికి రావడం మొదలెట్టాయి. ఏరి ఏరి పొయ్యిలో వేసింది. మళ్ళీ కడిగింది, మళ్ళీ పసుపు, మళ్ళీ మసి. అన్నం వండుకోవడం మర్చిపోయింది. దీపం పెట్టడం మర్చిపోయింది. ఆ చీకట్లోనే పెట్ట మీద చెయ్యి ఆనించి ప్రార్థన చేసుకుంటూ ఎప్పుడో కునికింది.

తెల్లవారుతుండగా చేతికింద ఏదో కదిలితే లేచింది. పెట్ట లేచి నిలబడి ఉంది. ఒక కాలు వణుకుతోంది, అయినా నిలబడి ఉంది. వాచిన కన్ను సన్నగా తెరుచుకుంది. ప్రేమమ్మ నాలుగు జొన్నగింజలు ముందు పోసింది. పెట్ట తల వంచి చూసింది, ఒకటి పొడిచి మింగింది. ఇంకోటి మింగింది. ప్రేమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గెలిచానన్న ఏడుపు అది. పెట్ట ఒంటి నిండా మసి, తోకన ఈకలు లేవు, అయినా ప్రాణంతో ఉంది. ప్రాణంతో తెస్తానంది, తెస్తోంది.

చర్చి మొదటి గంట కొట్టారు. ప్రేమమ్మ బావి దగ్గరికెళ్ళి స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. "జయా, లేవే, పండగ" అని పిలిచింది. పిల్ల మూలిగి పక్కకి తిరిగింది. నాలుగు రోజులుగా దానికీ నిద్ర లేదు, ఇంకాసేపు పడుకోనీలే అనుకుని, పెట్టకి ఎర్రగా ఎక్కడన్నా కనపడుతుందేమోనని చూసి మసి అద్దుతూ కూచుంది.

అప్పుడొచ్చాడు జక్రయ్య. ఒంటి మీద దూదిపింజలు దులుపుకోకుండానే వచ్చాడు. పండగ కదా, కూతురికి రిబ్బన్లు తెచ్చాడు.

"చూడయ్యా, నిలబడింది. గింజలు తింటంది. నా మొక్కు చెల్లుద్ది" అంటూ ప్రేమమ్మ గంప ఎత్తి చూపించింది. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పబోయింది. జక్రయ్య నవ్వి, పిల్లని లేపడానికి వంగి చంకల కింద చేతులేశాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఏమే, పిల్ల ఒళ్ళు కాలిపోతంది."

"పొయ్యి పక్కన పడుకుంది గదా, ఆ సెగ" అంది ప్రేమమ్మ.

"పొయ్యిలో నిప్పెక్కడుందే?"

ప్రేమమ్మ పొయ్యి వంక చూసింది. చల్లారిన బూడిద ఉంది. పిల్ల తల తండ్రి చేతి మీదినుంచి వెనక్కి వేలాడిపోయింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. పెద్దాసుపత్రి వరండాలో చూసిన కళ్ళు అవే.

జక్రయ్య పిల్లని భుజాన వేసుకుని బయటపడ్డాడు. ప్రేమమ్మ వెనక పరిగెత్తింది. ఆమె చేతిలో గంప ఉంది. అది చేతిలో ఉన్నట్టు ఆమెకే తెలియదు. రోడ్డుకి పోయే దారి చర్చి ముందునుంచే. జనం గుమ్మడికాయలు, మిరపకాయల బుట్టలు పట్టుకుని లోపలికి పోతున్నారు. రెండో గంట కొడుతున్నారు. ప్రేమమ్మ ఆగిపోయింది.

"ఏమయ్యా, ఒక్క నిమిషం. దీన్ని బల్ల ముందు పెట్టొస్తా. పెడితే తగ్గిపోద్ది. నీకు దండం పెడతా, ఒక్క నిమిషం."

జక్రయ్య వెనక్కి తిరిగాడు. పెళ్ళయిన నాటినుంచి ఆమెని అలా చూడలేదు. "వస్తే రా. లేకపోతే ఇక్కడే ఉండు" అని ముందుకి ఉరికాడు. అయ్యగారు గుమ్మంలోంచి ఆమెని చూసి చెయ్యెత్తి పిలిచాడు. బల్ల అక్కడే కనపడుతోంది, మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. పట్టుమని పాతిక అడుగులుండదు. ప్రేమమ్మ ఒకసారి అటు చూసింది, ఒకసారి మొగుడి భుజం మీద ఊగుతున్న పిల్ల తల వంక చూసింది. గట్టిగా ఏడుస్తూ రోడ్డు వైపు పరిగెత్తింది.

పత్తి బోరాలు వేసుకుని చిలకలూరిపేటకి పోతున్న లారీ ఆపి ఎక్కించుకున్నారు. పిల్ల తండ్రి ఒళ్ళో ఉంది. ప్రేమమ్మ ఒళ్ళో గంప ఉంది.

పేటలో డాక్టరు ఆదివారమని కూడా చూడకుండా లోపలికి రమ్మన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. గబగబా సీసా తగిలించి చేతికి సూది గుచ్చాడు. "గుంటూరు తీసుకుపోవాలి, ఈ సీసా అవగానే. కారు మాట్లాడతాను" అని, ఆమె వైపు తిరిగాడు. "ఈ జ్వరం ఎప్పటినుంచమ్మా?"

జక్రయ్య కూడా ఆమె వంకే చూశాడు. వారమంతా తను మిల్లులో ఉన్నాడు, తనకేం తెలుసు?

ప్రేమమ్మ నోరు తెరిచింది. పెట్ట ఏ పూట నీళ్ళు మింగిందో, ఏ పూట మానేసిందో, కన్ను ఎప్పుడు తెరిచిందో, మొదటి గింజ ఎప్పుడు తిన్నదో అడిగితే తడుముకోకుండా చెప్పగలదు. పిల్ల ఆఖరుసారి అన్నం ఎప్పుడు తిన్నదో గుర్తుకి రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

"నిన్నటినుంచేమోనండీ" అంది గొణుగుతూ.

"కాదండీ." బల్ల మీదినుంచి సన్నగా వినపడింది. నీళ్ళు ఒంట్లోకి పోయాక జయకుమారికి కాస్త తెలివొచ్చింది. "మా ఇంటికి సుబ్బరావమ్మగారొచ్చిన రోజునుంచి."

డాక్టరు దాని మీదికి వంగాడు. "మరి అమ్మకి చెప్పలేదేం తల్లీ?"

"అమ్మ కోడికి మందేస్తంది గదండీ" అంది పిల్ల. చెప్పడానికి ఊపిరి చాలక ఆగి, మళ్ళీ అంది. "కోడికి తగ్గితే నాకూ తగ్గుద్దని ఆగినా."

డాక్టరు ఆ తల్లి వంక చూసి, కారు సంగతి చూడటానికి బయటికి నడిచాడు. జక్రయ్య వచ్చి ప్రేమమ్మ చేతుల్లోంచి గంప తీసుకుని గోడ వారగా పెట్టాడు. గంపలో పెట్ట మెల్లగా కొక్కొక్కుమంది. ప్రేమమ్మ అటు తిరగలేదు. చేతికున్న మసి ఉతికిన చీరకి తుడుచుకుని, తుడుచుకుని, ఆ చేతిని కూతురి నుదుటి మీద పెట్టింది. అంత వేడి అక్కడ ఎన్నాళ్ళనుంచి ఉందో ఆమె చేతికి అప్పుడే తెలిసింది.